నూకుడు మోటారు

ఖుర్దాద్ 2, 1355 ఫసలీ

ఇవాళ కూడా పట్టలేదు. చిన్నదొర స్టార్టరు బొత్తాం గుంజాడు. టక్ అని ఒక్క చప్పుడు, అంతే. మళ్ళీ గుంజాడు. మళ్ళీ టక్. ఆ తర్వాత జరిగేది ఊరందరికీ తెలుసు. దొరల గడి గేటు దగ్గర కేక, మా వాడలోంచి ఆరుగురు. ఆ ఆరుగురిలో మా బాపు ఒకడు.

రెండు సీట్ల మోటారు. చూస్తే దూడంత ఉంటుంది, నూకబోతే కదలదు. సికింద్రాబాదులో ఎవరో తెల్ల ఆఫీసరు తన దేశం పోతూ అమ్ముకుంటే చిన్నదొర కొన్నాడు. బాపుకు మోకాళ్ళు వంగవు. మా దిక్కు నీళ్ళు తాగినవాళ్ళకు యాభై దాటితే ఎవరికీ వంగవు. వంగని కాళ్ళతోనే భుజం ఆనించి నూకుతాడు. నేను ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉంటాను, బండి మరమ్మతులు చూసేది నేనే, ఇంజను లేవగానే చూసుకోవాలి కనుక. బాపు నూకే బండి మీద నేను. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఖుర్దాద్ 3

నూకారు. పట్టింది. రాయడానికి ఇంకేం లేదు.

ఖుర్దాద్ 5

ఒక సంగతి తేల్చుకున్నాను. ఈ స్టార్టరు బాగుపడితే బాపుకు నూకుడు తప్పుతుంది. వెట్టి మొత్తం తప్పించే మొనగాణ్ణి కాదు. నల్గొండ దిక్కు కొన్ని ఊళ్ళల్లో వెట్టి బంద్ అంటున్నారట, సంఘం పెట్టారట... మా ఊళ్ళో ఆ మాట ఇంకా గుసగుసల్లోనే ఉంది. నా చేతిలో ఉన్నది పానా. దానితో అయ్యే పని ఇదొక్కటే.

బ్యాటరీ దించాను. తీగలు బిగించే చోట తెల్లగా ఉప్పు పేరినట్టు పేరింది. వేడినీళ్ళు పోసి కడిగి, గీకి, తుడిచి మళ్ళీ బిగించాను. బొత్తాం గుంజాను.

టక్.

ఖుర్దాద్ 6

దీపాల పరీక్ష. మిషన్ దవాఖానలో డాక్టరు దొర బండి దగ్గర పని నేర్చుకునే రోజుల్లో ఆయన మొదట చెప్పింది ఇదే. దీపాలు వెలిగించి స్టార్టరు గుంజాలి. వెలుగు కుంగిపోతే కరెంటు స్టార్టరు దాకా పోతున్నట్టు, లోపల ఏదో పట్టేసినట్టు. వెలుగు అట్లాగే ఉంటే కరెంటు దారిలోనే ఆగినట్టు. మా బండి దీపం కుంగీ కుంగనట్టు కుంగింది. భయపడ్డ సాక్షి చెప్పే సాక్ష్యం లాగా ఉంది, ఎటూ తేలలేదు.

ఖుర్దాద్ 8

స్టార్టరు పళ్ళచక్రం ఇంజను పళ్ళల్లో ఇరుక్కుందేమో అని అనుమానం. అట్లా ఇరుక్కుంటే గేరులో వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపాలి, విడిపోతుంది. ఊపడానికి మనుషులు కావాలన్నాను. చిన్నదొర అరుగు మీంచే వాడలోకి కబురు పెట్టాడు. బాపు, ఎదురింటి మల్లయ్య వచ్చారు. నూకుడు తప్పించే పనికి కూడా వాళ్ళే వచ్చి నూకాలి. నవ్వొచ్చింది, నవ్వలేదు.

చక్రం ఇరుక్కోలేదు. సగం పొద్దు దండుగ.

ఖుర్దాద్ 9, ఆదివారం

ప్రార్థనలో కునుకు పట్టింది. మార్త మోచేత్తో పొడిచింది. పెళ్ళాం పక్కన కూర్చుంటే దేవుడి ముందు కూడా నిద్రపోనివ్వదు.

ఖుర్దాద్ 11

దొరికింది!

ఇంజను నుంచి చాసీకి పోయే ఎర్తు తీగ. లావు తీగ ముక్కతో ఇంజనును సరాసరి బ్యాటరీకి కలిపి చూశాను, స్టార్టరు గిర్రున తిరిగింది. అంటే దోషం స్టార్టరుది కాదు, బ్యాటరీది కాదు. బోల్టు విప్పి తీగ ఎత్తితే కింద ఎర్ర రంగు, మెరుగు కూడా పోలేదు. మాఘంలో చిన్నదొర పెళ్ళికని పట్నం నుంచి రంగులవాణ్ణి పిలిపించారు. బండిని పెళ్ళికూతురు చేయమన్నారు. వాడు కనబడేదీ కనబడనిదీ అంతా పూసి, ఆ రంగు మీదనే తీగ బిగించి పోయాడు. రంగులోంచి కరెంటు పోదు. ఈ చిన్న ముక్క తెలియక రెండున్నర నెలలు ఆరుగురు మనుషులు నూకారు. అందులో నేనూ ఉన్నాను, తెలియనివాళ్ళల్లో.

ఇనుము తెల్లగా కనబడేదాకా గీకాను. బిగించాను. గుంజాను. ఘుర్రుమని లేచింది. షెడ్డులో ఎవరూ లేరు. కళ్ళు తుడుచుకున్నాను.

ఖుర్దాద్ 12

ఎవరూ నూకలేదు. అలవాటు కొద్దీ బాపు పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బండి ఆయన ముందు నుంచే వెళ్ళిపోయింది. తిరిగొచ్చినాక కూడా అక్కడే ఉన్నాడు. ఇగ పోవాల్నా అని అడిగాడు. పొమ్మన్నాను. పోతూ పోతూ రెండు సార్లు వెనక్కి చూశాడు, ఎవరైనా పిలుస్తారేమో అని.

ఖుర్దాద్ 13

బాపు ఎండ పొడిచేదాకా పడుకున్నాడు. మార్త లేపబోతే వద్దన్నాను. ఇన్నేళ్ళల్లో ఆయన అట్లా పడుకోవడం నేను చూడలేదు. సంతోషమంటే ఇదేనేమో, చెప్పలేను. అలసటగానే ఉంది, కాని బాగుంది.

ఖుర్దాద్ 15

చిన్నదొర పిలిచాడు. ఊళ్ళో బండి పోతుంటే ఎడ్లు జరగవట, పిల్లలు జరగరట, హారను కొట్టినా ఎవరికీ లెక్క లేదట. వాళ్ళ తాత కచ్చడంలో పోయే రోజుల్లో ఇద్దరు మనుషులు తొవ్వ తొవ్వ అని అరుచుకుంటూ ముందు ఉరికేవారట. ఎడ్లబండికి ఉన్న మర్యాద మోటారుకు లేకుంటే ఎట్లా అన్నాడు.

"నూకుడు లేదు గద, మీ బాపు ఖాళీగనే ఉండె. రేపటి సంది ముందట ఉరుకుమను."

ఏదో కొలువు ఇప్పిస్తున్నట్టు నవ్వుతూ అన్నాడు. బాంచెను దొరా, ఆయనకు మోకాళ్ళు వంగవు అన్నాను.

"నూకెటప్పుడు ఉండె గదరా మోకాళ్ళు."

బాపును పెనం మీంచి తీసి పొయ్యిలో వేశాను. అదీ నా పానాతోనే.

ఖుర్దాద్ 16

ఉరికాడు. గడి గేటు నుంచి దిగుడు బాట మీదుగా వాగు మలుపు దాకా. తలకు గుడ్డ, చేతిలో కట్టె. కాళ్ళు వంగవు కనుక నడుం దగ్గర్నుంచి విసురుతూ ఉరుకుతాడు. వెనక నాలుగు బారల దూరంలో ఎర్ర బండి. నేను ఎప్పటిలాగే ఫుట్‌బోర్డు మీద. ఊరు దాటినాకే నాకు సీటు, అదీ గోనెసంచి పరుచుకుని.

ముందు ఉరికేవాడు దొర బండి దిక్కు తిరిగి చూడకూడదు. అది పాత కట్టు. బాపుకు ఎవరూ కొత్తగా చెప్పలేదు, ఆయనకు తెలుసు. నాకు ఆయన వీపు తప్ప ఏమీ కనబడలేదు.

ఖుర్దాద్ 17

ఉరికాడు.

ఖుర్దాద్ 19

ఇప్పుడు బ్రేకు. తొక్కితే మెత్తగా దిగిపోతోంది. రెండు మూడు సార్లు తొక్కితే గాని పట్టడం లేదు. పట్టినప్పుడు బండి ఎడమకు గుంజుతోంది. చిన్నదొరతో చెప్పాను. ఆగుతనే ఉంది గద అన్నాడు.

ఆగుతూనే ఉంది. బాపుకు రెండు బారల దూరంలో.

చక్రాలు విప్పాను. కుడి ముందు చక్రం లోపల తడి. బ్రేకు రబ్బర్లు ఎండిపోయి పెళుసుబారాయి. ఆయిలంతా అక్కడినుంచే కారిపోతోంది. స్టార్టరు చెడిపోతే బండి కదలదు, అంతే. బ్రేకు చెడిపోతే... బాపు దిగుడులో ఉంటాడు. పూర్తిగా రాయబుద్ధి కాలేదు.

ఖుర్దాద్ 21

జడ్చర్ల పోయాను, లారీలు చేసే ఉస్తాద్ దగ్గరికి. మిషన్ బండికి ఏదైనా పెద్ద పని వస్తే డాక్టరు దొర నన్ను ఆయన దగ్గరికే పంపేవాడు. పాత వ్యానులోంచి తీసి దాచిన రబ్బర్లు రెండు ఇచ్చాడు, కొలత సరిపోయింది. బ్రేకు ఆయిలు మాత్రం లేదు. జర్మనీ లడాయి మొత్తం తాగేసింది, ఇంకా బజారుకు రాలేదు అన్నాడు. దానికి మందు చెప్పాడు. ఆముదం సగం, దవాఖాన స్పిరిటు సగం.

"గానుగ ఆముదమే పొయ్యి భయ్. ఇంట్ల వండింది మాత్రం వద్దు."

తలూపాను. స్పిరిటు మిషన్ దవాఖాన కాంపౌండరు ఇచ్చాడు, అర సీసా. ఏం చేస్తావని అడగలేదు. తాగనని ఆయనకు తెలుసు.

ఖుర్దాద్ 22

గానుగ రెండు కోసుల దూరం. రేపు బండి కావాలని చిన్నదొర హుకుం. ఆ గానుగవాడు ఆముదంలో పల్లీ నూనె కలుపుతాడని ఊరంతా అంటుంది. ఇంట్లో మార్త వండిన ఆముదం ఉంది. గింజలు వేయించి, దంచి, నీళ్ళల్లో ఉడకబెట్టి, తేరిన నూనె మళ్ళీ కాచి పెట్టింది. వాడలో ఏ పసిబిడ్డకు మాడుకు పెట్టాలన్నా మా ఇంటికే వస్తారు. ఉస్తాద్ బజారు నూనె చూసినవాడు, మా ఇంటి నూనె ఆయనకేం తెలుసు అనుకున్నాను.

అదే పోశాను.

గొట్టాల్లో గాలి తీయడానికి ఇద్దరుండాలి, ఒకరు పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర మర విప్పి బిగించాలి. బాపును పిలిచాను. దొర సీట్లో కూర్చోనన్నాడు. ఎవరూ లేరు కూర్చో అన్నా వినలేదు. బయట నిలబడి, లోపలికి వంగలేక, తన కట్టెతో పెడలు నొక్కాడు. నొక్కు అంటే నొక్కాడు, వదులు అంటే వదిలాడు. సీసాలో బుడగలు వస్తుంటే ఏందవి అని అడిగాడు. గాలి అన్నాను. ఇంత బండి గాలికి ఆగకుండ పోతదా అని చాలాసేపు ఆశ్చర్యపోయాడు.

ఖుర్దాద్ 23

రాయిలాగా ఉంది బ్రేకు. తొక్కితే తొక్కిన చోటే నిలబడుతోంది. ఎడమకు గుంజడం కూడా పోయింది. చిన్నదొర మెచ్చుకున్నాడు. మార్త నూనె పనికొచ్చిందని ఇంట్లో చెప్పాను. నా నూనె తాగి నడుస్తుందా దొర బండి అని నవ్వింది.

ఖుర్దాద్ 24

ఉరికాడు. బండి మంచిగా ఆగింది.

ఖుర్దాద్ 25

ఉరికాడు. పొద్దుగూకి కాళ్ళకు కాపడం పెడుతుంటే నిద్రపోయాడు.

ఖుర్దాద్ 27

ఈసారి పూర్తిగా రాస్తాను.

మిట్టమధ్యాహ్నం. చిన్నదొర ఒకసారి సడక్ దాకా పోయి వచ్చాడు, ఏదో మరిచానని మళ్ళీ బయలుదేరాడు. బండి సెగ కక్కుతోంది, చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేం. బాపు ముందు. దిగుడు సగం దిగాక చిన్నదొర బ్రేకు తొక్కాడు. పెడలు నేలకు అంటుకుంది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ. ఏమీ లేదు. ఏందిరా, ఏందిరా అన్నాడు, ఆయన గొంతు అట్లా ఎన్నడూ వినలేదు.

బాపూ అని అరిచాను. ఆయన తిరిగి చూడలేదు. చూడకూడదు కదా. తొందరగా ఉరుకుమంటున్నానని అనుకున్నాడు. ఇంకా గట్టిగా ఉరికాడు. బండి ముందు, నడి తొవ్వలో, నేను పిలిచిన పిలుపుకు.

చిన్నదొర మీదుగా వంగి చేతి బ్రేకు గుంజాను. వెనక చక్రాలు బిగిశాయి, బండి తోక తిప్పింది. ముందు మడ్‌గార్డు బాపు తుంటికి కొట్టుకుంది. ఆయన పక్క కాలువలో పడ్డాడు. బండి పోయి రాళ్ళకట్టకు ఆనుకుని ఆగింది.

నేను దిగి పోయేసరికి బాపు లేచి కూర్చున్నాడు. మోచేతులు దోక్కుపోయాయి, తుంటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. దొరకేమన్న తాకిందా బిడ్డా అని అడిగాడు.

దొర మడ్‌గార్డు సొట్ట చూసుకుంటున్నాడు.

ఖుర్దాద్ 28

ఎముక విరగలేదు. తుంటి నల్లగా కమిలింది. లేవడానికి మల్లయ్య పట్టుకోవాలి.

తన నూనె సంగతి చూద్దామని మార్త పొయ్యి మీద పెనం పెట్టింది. కాగినాక తన ఆముదం గరిటెడు పోసింది. చిటపట, చిటపట. నూనెలో నీళ్ళున్నాయి. ఎంత కాచినా కొంచెం ఉండిపోయింది. తలకు పెడితే ఆ కొంచెం ఏం చేస్తుంది? బ్రేకు గొట్టంలో సెగకు ఆవిరయింది. ఆవిరి కూడా గాలే, నొక్కితే నొక్కుకుపోతుంది. ఉస్తాద్ చెప్పాడు. నేను విన్నాను. తలూపి కూడా వచ్చాను.

ఇద్దరం పెనం దిక్కు చూస్తూ కూర్చున్నాం. నూనె నాది అంది మార్త. పోసింది నేను అన్నాను. తప్పు నాదే. ఎవరి మీదికీ నెట్టలేను.

తీర్ 1

నాలుగు రోజుల్లో బండి తయారు కావాలని హుకుం. అంతా ఊడదీశాను. స్పిరిటుతో గొట్టాలు కడిగాను. గానుగకు నడిచిపోయి, నా కళ్ళ ముందే ఆడించి తెచ్చుకున్నాను. తెచ్చినదాన్ని కూడా పెనం మీద పోసి చూశాను. చప్పుడు లేదు.

తీర్ 3

ఎండలో పది సార్లు దిగుడు దింపి చూశాను, నేనొక్కణ్ణే, చక్రాలు కాలిపోయేదాకా. పట్టింది. పది సార్లూ పట్టింది. ఈసారి మంచిగా ఉందని నమ్మకం. పోయినసారి కూడా ఇంతే నమ్మకం ఉండింది.

చిన్నదొర చూసి సరే అన్నాడు. రేపు పొద్దున పోదామన్నాడు. మీ బాపు లేచిండా అని అడిగాడు. కుంటుతున్నాడని చెప్పాను. కుంటేటోనికి తొవ్వ ఇంకా జల్ది ఇస్తరు అన్నాడు.

ఆ మాట మార్తకు చెప్పలేదు.

తీర్ 4

చేశాను.

తెల్లారకముందే షెడ్డుకు పోయి ఎర్తు తీగ బోల్టు వదులు చేసి, తీగ కింద తోలు ముక్క పెట్టి బిగించాను. బోల్టుకు తోలు చుట్టాను. పైకి ఏమీ కనబడదు. చిన్నదొర వచ్చి బొత్తాం గుంజాడు. టక్ కూడా లేదు. మళ్ళీ గుంజాడు. నా దిక్కు చూశాడు. చూస్త దొరా అని మూత లేపి చూశాను. ఎంతసేపైనా చూడగలను, ఏముందో నాకు తెలుసు కనుక.

చివరికి గేటు దగ్గర కేక. వాడలోంచి ఆరుగురు. బాపు కుంటుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు. ఇంజను లేచేదాకా నూకాడు. ఆ రొప్పుతో ముందుకొచ్చి ఉరకలేడు కదా. చిన్నదొర విసుక్కుని హారను కొట్టుకుంటూ పోయాడు.

నెల రోజుల కింద ఏది తప్పించాలని చచ్చానో అదే చేతులారా తెచ్చిపెట్టాను. ముసలివాణ్ణి మళ్ళీ బండికి కట్టాను. వెనక ఉంటే బతుకుతాడు, అదొక్కటే లెక్క. ఇంతకంటే మంచి కొడుకు చేసే పని ఏదైనా ఉంటే నాకు తట్టలేదు.

తీర్ 5

బాపు అరుగు మీద కూర్చుని పాత చెప్పు తిప్పి తిప్పి చూస్తున్నాడు. మడమ దగ్గర ముక్క కోసి ఉంది. ఎవరు కోశారని అడగలేదు. పక్కన పెట్టాడు. అప్పుడన్నాడు:

"ముందట ఉరికితే ఎనక ఏమొస్తాందో తెల్వది బిడ్డా. ఎనక నుంచి నూకితే నీ ఈపు కనవడ్తది. గదే మంచిగుంటది నాకు."

నేను లేచి బయటికి పోయాను.

తీర్ 6

చిన్నదొర పట్నం నుంచి మెకానిక్కును పిలిపిస్తున్నాడు. ఎల్లుండి వస్తాడట. నీతోని కాదు తియ్ అన్నాడు, నవ్వలేదు. మొన్న మంచిగ లేచిన బండి గిట్లెందుకైందిరా అని నా మొహంలోకి చూశాడు. రంగో, తుప్పో దొరా అన్నాను. నా మొహం ఏం చెప్పిందో నాకు తెలియదు.

తీర్ 7

నూకారు. మల్లయ్య నన్ను చూసే చూపు కూడా ఇవాళ వేరుగా ఉంది. బాగుచేస్తానని చెప్పింది నేనే కదా, ఆయనతో సహా అందరికీ. ఐదుగురు మనుషులు మా బాపు కోసం నూకుతున్నారు. వాళ్ళకు తెలియదు.

తోలు తీసేద్దామని మధ్యాహ్నం షెడ్డుకు పోయాను. పానా బోల్టుకు తగిలించాను. తిప్పలేదు.

తీర్ 8

పొద్దున. ఇంకా గడికి పోలేదు.

ఇవాళ మెకానిక్ వస్తాడు. పట్నంవాడికి దీపాల పరీక్ష రాకుండా ఉంటుందా? పది నిమిషాల్లో ఎర్తు దగ్గరికి వస్తాడు, బోల్టు విప్పుతాడు, తోలు చూస్తాడు. రంగైతే పొరపాటున పూశారనుకోవచ్చు. తోలు ఎవరూ పొరపాటున పెట్టరు. దొరకు తెలిస్తే నా ఒక్కడితో పోదు. ఇప్పుడే ముందుగా పోయి తీసేస్తే నేను దొరకను, స్టార్టరు పడుతుంది, బాపు దిగుడులో ముందు ఉరుకుతాడు. బ్రేకు మంచిగానే ఉంది. పది సార్లు చూశాను. పదకొండోసారి సంగతి ఎవరు చెప్పాలి?

మార్త అంబలి పోసింది. తాగలేదు.

బాపు తయారై నిలబడ్డాడు. తలకు గుడ్డ చుట్టుకున్నాడు, కట్టె పట్టుకున్నాడు. ఇవాళ ముందా వెనకా అని అడుగుతాడేమో అని చూశాను. అడగలేదు. పోదమా బిడ్డా అన్నాడు.